గోల చదువుకునే చోటు

పెదవి విప్పకుండా మనసులో చేసుకునే ప్రార్థన దేవుడికి వినబడుతుందా, లేదా? ఈ అనుమానం నాకు తొమ్మిదేళ్లుగా ఉంది. ఒకరిద్దరు పెద్దవాళ్లని అడిగితే మనసే ముఖ్యమన్నారు. దేవుడు అంతటా ఉంటాడు కదా అన్నారు. నిజమే, కాదనను. కానీ పక్క గదిలో ఉన్న మనిషికి వినబడనిది దేవుడికి ఎలా వినబడుతుందని నా మట్టిబుర్రకి తోస్తూనే ఉండేది. దేవుడికి నేను ఒక పాట బాకీ ఉండటం వల్ల ఈ అనుమానం ఇంకా ఎక్కువగా పీడించేది.

మా ఆయన ఐసు లారీ నడుపుతారు. రాత్రి పదింటికి ఫ్యాక్టరీకి వెళ్లి, ఐసు గడ్డల్ని కొక్కెంతో లాగి లారీలో పేర్చి, పైన రంపపు పొట్టు పోసి, గోనెపట్టాలు కప్పుకుని బయల్దేరాలి. తెల్లారేలోపు చేపల మార్కెట్లకి చేర్చాలి. మిగిలింది హోటళ్లకి దించి, లారీ కడిగి ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం పన్నెండు దాటుతుంది. తిని పడుకునేసరికి రెండు. మళ్లీ రాత్రి తొమ్మిదింటికి లేస్తారు. అంటే మా ఇంట్లో రాత్రి అనేది మధ్యాహ్నం రెండింటికే మొదలవుతుంది.

మాకు ఒక్కతే కూతురు. పుట్టినప్పుడు ఆసుపత్రి గోడలు అదిరేలా ఏడ్చిందని వాళ్ల నాన్నే ముద్దుగా గోల అని పిలిచారు. బడి రిజిస్టరులో ఇంకేదో పేరుంది గానీ ఇంట్లో మాత్రం గోలే. దానికి మూడో నెల నడుస్తుండగా ఒక రోజు మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా ఆపకుండా ఏడ్చింది. ఎత్తుకున్నా ఆగలేదు, ఊపినా ఆగలేదు. మా ఆయన రెప్ప వాల్చకుండానే డ్యూటీకి వెళ్లారు. తెల్లవారుజామున వంతెన మీద కునుకు పట్టింది. లారీ వంతెన కమ్మీలు విరగ్గొట్టుకుని ఆగింది. ముందు చక్రం ఒకటి గాలిలో తిరుగుతోంది, కింద ఏరు.

ఫ్యాక్టరీ మనిషి వచ్చి ఆ సంగతి చెప్పినప్పుడు నా చేతిలో పిల్ల ఉంది. ఆ పళంగా దేవుడి గూటి ముందు నిలబడి మొక్కుకున్నాను. ఈయన క్షేమంగా గుమ్మం తొక్కితే, ఈయన్ని నీ ఎదుట కూర్చోబెట్టి, ఈయన వినగా, మా అమ్మ నేర్పిన నీ పాట గొంతెత్తి పాడతానని. అడిగింది పెద్దది, ఇస్తానన్నది చిన్నది. ఆయన ఒంటి మీద గీత కూడా పడకుండా ఇంటికొచ్చారు. వచ్చి పడుకున్నారు. నిద్రపోతున్న మనిషి ముందు ఏం పాడతాను? మర్నాడు పాడదామనుకున్నాను. మర్నాడూ పడుకున్నారు. మెలకువగా ఉన్న కాసేపూ తిండికీ, డ్యూటీకి తయారవడానికీ సరిపోయేది.

ఆ రోజు నుంచీ మా ఇంట్లో చప్పుడు బందయింది. కుట్టుమిషను తోడికోడలికి ఇచ్చేసి, చప్పుడు లేని పనని కాగితం కవర్లు అంటించడానికి కుదిరాను. గిన్నెల మధ్య పాత గుడ్డలు పెట్టాను. కుక్కరు అటకెక్కింది. గోలకి మాటలు వచ్చేటప్పటికే సైగలూ వచ్చేశాయి. గోటితో గోడ మీద రెండుసార్లు కొడితే రమ్మని, ఒకసారి కొడితే ఆగమని. రోజూ పొద్దున్నే దీపం పెట్టి, ఆ పాటని పెదవులతో మాత్రం పాడుకునేదాన్ని. ఆయన ఇంట్లో లేని వేళ కూడా గొంతు రాలేదు. అలవాటు అలా పట్టేసింది.

ఒక తమాషా ఏమిటంటే, మేముండేది మొదటి అంతస్తులో. కింద లేత్ మిషను షాపు. పొద్దున్నించీ రాత్రి దాకా ఇనుము కోస్తూనే ఉంటారు. ఆ మోతకి మా ఆయన హాయిగా గురక పెడతారు. వంటింట్లో చెంచా జారితే మాత్రం లేచి కూర్చుంటారు. "నా మిషను మీ ఆయనకి జోలపాట వదినా, పాటకి డబ్బులిప్పించు" అని లేత్ షాపతను ఏడిపించేవాడు. నేను నవ్వి ఊరుకునేదాన్ని. అందులో ఆలోచించాల్సింది ఉందని తోచలేదు.

ఈ ఏడు నాలుగో తరగతికి వచ్చాక గోల క్లాసు టీచరు కబురు పెట్టింది. భయపడుతూనే వెళ్లాను. గోలని లేపి పాఠం చదవమంటే పెదవులు కదులుతాయట గానీ శబ్దం రాదట. పక్క పిల్లలు నవ్వుతారట. రాయడంలో ఫస్టు, చదవమంటే సున్నా. శుక్రవారం పెద్ద టీచరమ్మ ముందు నిలబడి ఒక పాఠం పైకి చదవాలని, అది కూడా చేయకపోతే మళ్లీ ఇదే తరగతిలో ఉంచేస్తారని చెప్పింది. తర్వాత కాస్త మెత్తగా అడిగింది.

"ఇంట్లో పాప చదువుకోడానికి మంచి చోటుందా అమ్మా? కొంచెం వెలుతురు, ఒక బల్ల, రోజూ ఒక అరగంట గొంతు విప్పి చదువుకునే వీలు. అంతే కావాలి."

అంతే అంది ఆవిడ. ఆ అంతే మా ఇంట్లో ఎక్కడుంది? గోల బడి నుంచి వచ్చేది నాలుగింటికి. వాళ్ల నాన్న లేచేది తొమ్మిదింటికి. ఒక పక్క పిల్ల చదువు, ఇంకో పక్క ఆయన ప్రాణం. ఆ రెండింటి మధ్యా ఒక పల్చటి గోడ.

ముందు మెట్ల మీద కూర్చోబెట్టాను. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ పుస్తకంలోకి తొంగిచూసి పలకరించేసరికి అది ముడుచుకుపోయింది. రెండో అంతస్తులో ఒక మామ్మగారున్నారు, మంచావిడే. వాళ్లింట్లో ఒక మూల ఇచ్చారు. మొదటి రోజు వెళ్లొచ్చిన గోల రెండో రోజు వెళ్లనంది. ఎందుకని ఎన్నిసార్లు సైగ చేసినా తల అడ్డంగా ఊపింది తప్ప చెప్పలేదు.

చివరికి మేడ మీద సామాన్ల గది గుర్తొచ్చింది. నీళ్ల ట్యాంకు పక్కన, కాళ్లు విరిగిన కుర్చీలు పడేసిన చిన్న గది. ఒక వెంటిలేటరు, ఒక బల్బు ఉన్నాయి. వాచ్‌మన్‌ని అడిగితే ఒప్పుకున్నాడు గానీ ఒక మాట అన్నాడు.

"తలుపుతో జాగ్రత్తమ్మా. గట్టిగా పడిందంటే బయట గొళ్లెం దానంతటదే జారి కూర్చుంటుంది. నేనే ఒకసారి లోపల ఇరుక్కుని గంట అరిచాను. ఒక ఇటుక అడ్డం పెట్టండి."

ఇటుక తెచ్చి పెట్టాను. గది ఊడ్చి, కవర్ల అట్టపెట్టెని బల్లగా చేసి, పైన శుభ్రమైన గుడ్డ పరిచాను. ఇటుక కదపొద్దని, పిట్టగోడ ఒకవైపు విరిగి ఉంది కాబట్టి అటు పోవద్దని, ఆరింటికల్లా గొళ్లెం పెట్టేసి కిందికి రమ్మని మూడుసార్లు చెప్పాను. మంగళవారం, బుధవారం గోల ఆరు కొట్టకముందే దిగి వచ్చింది. బుధవారం దాని ముఖంలో కొంచెం కాంతి కనిపించింది. నేను దేవుడి గూటి వైపు తిరిగి మనసులోనే దండం పెట్టుకున్నాను.

గురువారం ఆరయింది, రాలేదు. ఆకాశం నల్లగా ఉంది. ఆరుంపావుకి చెప్పుల చప్పుడు కూడా కాకుండా ఒట్టి కాళ్లతో పైకెక్కాను. సామాన్ల గది తలుపు మూసి ఉంది. గొళ్లెం పెట్టి ఉంది. ఇటుక కనబడలేదు. చెప్పినట్టే సర్దేసి, తలుపేసి దిగిపోయిందని అనుకున్నాను. గొళ్లెం దానంతటదే పడుతుందన్న వాచ్‌మన్ మాట అప్పుడు గుర్తే రాలేదు. అయినా చెవి ఆనించి విన్నాను. అప్పుడే వాన మొదలై ట్యాంకు మూత మీద టపటపలాడుతోంది. ఇంకేం వినబడలేదు. దిగి వచ్చేశాను.

ఇంట్లో లేదు. మామ్మగారింట్లో లేదు. మెట్ల కింద లేదు. లేత్ షాపులోకి తొంగిచూస్తే పాప రాలేదన్నారు. వీధి చివర కాగితాల కొట్టు దాకా, అక్కడి నుంచి బడి గేటు దాకా తడుస్తూ వెళ్లాను. గేటుకి తాళం. తిరిగొచ్చేటప్పుడు ప్రతి అరుగూ, ఆగి ఉన్న ప్రతి బండి వెనకా చూశాను. కనబడిన ప్రతి తెల్ల చొక్కా దాని బడి చొక్కాలాగే ఉంది. ఒక్కసారైనా నోరు తెరిచి పిలవలేదు. పిలవాలని తోచలేదు. వెతకడమంటే నాకు కళ్లతో వెతకడమే.

షాపు ముందుకి వచ్చేసరికి లేత్ అతను బయటికొచ్చి నిలబడ్డాడు.

"పేరు పెట్టి పిలువు వదినా. మూగదానిలా చూసుకుంటూ తిరిగితే ఎలా దొరుకుతుంది?"

"మీ అన్నయ్య లేస్తారు" అన్నాను. అది నా నోటి నుంచి వచ్చిన మాటే. కూతురు కనబడటం లేదు, నేను మొగుడి నిద్ర గురించి మాట్లాడుతున్నాను. అతను నా వైపు వింతగా చూశాడు.

అదే నిమిషంలో కరెంటు పోయింది. లేత్ మిషను మూలుగుతూ మూలుగుతూ ఆగిపోయింది. వీధంతా చీకటి. ఆ చీకట్లో నాకు విరిగిన పిట్టగోడ గుర్తొచ్చింది.

మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. మేడ మీద వాన ఏటవాలుగా కొడుతోంది. విరిగిన వైపుకి పాకుతూ వెళ్లి కిందికి చూశాను. పక్కింటి రేకుల మీద తెల్లగా ఏదో పడి ఉంది. చిన్నది. కదలటం లేదు. మెరుపు మెరిసేదాకా పిట్టగోడ అంచు పట్టుకుని చూస్తూనే ఉన్నాను. మెరిసింది. సిమెంటు సంచి. ఖాళీ సిమెంటు సంచి.

లేచి మేడ మధ్యలో నిలబడ్డాను. అరిస్తే ఆయన లేస్తారు. ఆ వానలో, చాలని నిద్రతో, అదే వంతెన మీద ఈ రాత్రి లారీ నడపాలి. అరవకపోతే పిల్ల ఏమైందో తెలియదు. దేవుడా, ఏది వదులుకోమంటావు అని మనసులో అడిగాను. నేను అడిగింది వినబడిందో లేదో తెలియదు. నోరు తెరిచాను. మొదటిసారి గాలి తప్ప ఏమీ రాలేదు. గొంతు నిజంగానే పోయిందా అనుకున్నాను. రెండోసారి తెరిచాను.

"గోలా!"

ఆ కేక నాదేనా అనిపించింది. తుప్పు పట్టిన తలుపు తెరుచుకున్నట్టు వచ్చింది. మళ్లీ పిలిచాను. ఇంకోసారి పిలిచి ఊపిరి బిగబట్టాను. అప్పుడు విన్నాను. వాన చప్పుడు కింద, చాలా సన్నగా, టక్ టక్. ఆగి, మళ్లీ టక్ టక్. రెండుసార్లు. రమ్మని.

సామాన్ల గది తలుపు. గొళ్లెం తడికి బిగుసుకుపోయి, నా వేళ్లకి రాలేదు.

"గోలా, లోపలున్నావా? నోటితో చెప్పు తల్లీ. గట్టిగా చెప్పు. నాన్న లేచినా ఫరవాలేదు."

లోపల టక్ టక్ ఆగింది. తర్వాత ఒక గొంతు వచ్చింది. సన్నగా మొదలై, పగిలి, పెద్దదై, అమ్మా అని. తొమ్మిదేళ్ల కింద ఆసుపత్రి గోడలు అదిరిన గొంతు అదే. నేను మర్చిపోయాను, అది మర్చిపోలేదు.

నా భుజం మీదుగా ఒక చెయ్యి వచ్చి గొళ్లెం పైకి కొట్టింది. మా ఆయన, చేతిలో టార్చి. తలుపు తెరుచుకుంది. గోల పుస్తకాన్ని గుండెకి హత్తుకుని నిలబడి ఉంది. ఇటుక లోపల, తలుపు పక్కనే ఉంది. పిల్ల కుడిచేతి చూపుడువేలి గోరు చిట్లి రక్తం కారుతోంది. గంటకి పైగా ఆ మూసిన గదిలో అది కొట్టుకుంటూనే ఉంది, ఇంట్లో కొట్టినట్టే, మెల్లిగా. వాళ్ల నాన్నని చూడగానే గుసగుసగా అడిగింది.

"లేచేశావా నాన్నా?"

"లేచాను. లేస్తే ఏమైందే?"

"లారీ పడిపోతుంది."

మెట్ల మీదికి తెచ్చి కూర్చోబెట్టుకున్నాం. వేలికి నా కొంగు చుట్టాక ఒక్కొక్క మాటా చెప్పింది. ఆ రోజు కాస్త గట్టిగా చదవాలనుకుందట. గొంతు కిందికి, నాన్న దాకా వెళ్తుందని భయపడి, ఇటుక తనే లోపలికి లాగి తలుపు మూసింది. గాలికి అది గట్టిగా పడి గొళ్లెం జారింది. నేను పిలుస్తుంటే విన్నదట గానీ అరవడానికి భయమేసిందట.

"చిన్నప్పుడు నేను ఏడ్చినందుకే నీ లారీ ఏట్లో పడబోయిందంట కదా. మామ్మగారు చెప్పారు."

నేను తల దించుకున్నాను. ఆ మాట ఎప్పుడో మామ్మగారికి చెప్పింది నేనే.

మా ఆయన చాలాసేపు టార్చిని ఆర్పుతూ వెలిగిస్తూ కూర్చున్నారు.

"మూడు నెలల పిల్ల ఏడవక పద్యాలు చెబుతుందా? ఏడ్చావు. నాకు నిద్ర చాలలేదు. చాలనప్పుడు ఈ రాత్రి లారీ తీయనని చెప్పాలి. మేనేజరుకి చెప్పడానికి మొహమాటపడి తీశాను. తప్పు నాది. నీది కాదు, మీ అమ్మది కాదు" అన్నారు.

తర్వాత నా వైపు తిరిగారు. "ఇంకో సంగతి. మీరు చెంచాలు కూడా గుడ్డలో చుట్టుకుంటుంటే చెప్పలేకపోయాను. ఇల్లంతా అలా బిగుసుకుని కూర్చుంటే నాకు నిద్ర పట్టదు. ఎప్పుడు ఏం పడుతుందా అని చెవులు అటే ఉంటాయి. ఆ లేత్ తిరుగుతుంటేనే ఏదో కాస్త కన్ను మూతపడేది. ఇందాక అది ఆగింది, నేను లేచాను."

"మరి నా కేక?"

"విన్నాను. వానలో పేరు తెలియలేదు, అది నీ గొంతని అనుకోలేదు. ఎవరో పాపం, పిల్ల తప్పిపోయినట్టుంది అనుకుంటూ మెట్లెక్కాను."

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

ఆయన అక్కడి నుంచే మేనేజరుకి ఫోను చేశారు. నిద్ర చాలలేదు, ఈ రాత్రి రాలేనన్నారు. చంటిపిల్లాడివా అని అవతల అరవడం నాకూ వినబడింది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందోనని నాకు మళ్లీ భయమేసింది. ఆయన మాత్రం అవునండీ, కాదండీ అంటూ విని ఫోను పెట్టేశారు. కిందికి వెళ్లి మంచం మీద పడుకుని, గోలని పక్కన స్టూలు వేసుకుని చదవమన్నారు. కొవ్వొత్తి వెలిగించి ఇచ్చాను. అది మొదటి మూడు వాక్యాలూ ఆయన ముఖం చూస్తూ భయంభయంగా చదివింది. నాలుగో వాక్యానికి గురక మొదలైంది. గోల ఆగి నా వైపు చూసింది. చదవమని సైగ చేయబోయి, చెయ్యి దించేసి నోటితోనే చెప్పాను. పాఠం రెండుసార్లు పూర్తి చేసింది. ఆయన కదల్లేదు. ఇప్పటికీ దాని హోంవర్కు ఆ స్టూలు మీదే.

పరీక్ష సంగతి కూడా చెప్పేస్తాను. మర్నాడు పెద్ద టీచరమ్మ ముందు గోల నిలబడింది. గొంతు బొంగురుపోయి ఉంది. పాఠంలో సగం వినబడిందట, సగం వినబడలేదట. ఆ సగం చాలు, మిగతాది పై తరగతిలో వింటానందట ఆవిడ. మేనేజరు నాలుగు రోజులు మొహం ముడుచుకుని తిరిగి మామూలైపోయాడు.

అయితే నేను చెప్పాల్సింది ఆ మర్నాటి పొద్దుటి మాట, గోల బడికి వెళ్లకముందు జరిగింది. ఇన్నేళ్లలో మొదటిసారి పొద్దుటిపూట మా ఆయన ఇంట్లో మెలకువగా ఉన్నారు. స్నానం చేసి వచ్చిన మనిషిని దేవుడి గూటి ముందు కూర్చోమన్నాను. ఎందుకని అడిగితే, మీకు తెలియని బాకీ ఒకటుందన్నాను. దీపం వెలిగించాను. చేతులు జోడించి గొంతు సవరించుకున్నాను. తలుపు అవతల మెట్లెక్కే దిగే జనం, కింద అప్పుడే మొదలవుతున్న లేత్ చప్పుడు. సిగ్గేసింది, భయమేసింది. అయినా మొదలుపెట్టాను.

మొదటి చరణం గీరుకుంటూ వచ్చింది. రెండోది కొంచెం తేరుకుంది. మూడో చరణం దగ్గర ఆగిపోయాను. మాట గుర్తు రావడం లేదు. రోజూ పెదవులతో దొర్లించుకున్నదే, గొంతుతో పాడబోతే జారిపోయింది. మా ఆయన కళ్లు తెరిచి చూశారు.

వెనక నుంచి గోల ఆ మాట అందించింది. పైకి, స్పష్టంగా.

దానికి ఆ పాట నేనెప్పుడూ నేర్పలేదు. అదెప్పుడూ వినలేదు. రోజూ పొద్దున దీపం ముందు కదిలే నా పెదవుల్ని చూస్తూ నేర్చుకుందట. ఒక్క మాట కూడా పోనీయలేదు. బడి సంచి భుజాన వేసుకుని వచ్చి నా పక్కన నిలబడింది. మిగిలిన చరణాలు ఇద్దరం కలిసి, వాళ్ల నాన్న వినగా, చివరిదాకా పాడాం.